చేయి తిరిగే వేళ

తెలుగులో ‘చేయి తిరిగిన’ అనే విశేషణం ఒకటి ఉంది. చేయి తిరిగిన రచయిత అంటాం, చేయి తిరిగిన వంటమనిషి అంటాం. చేతి కదలికకూ నైపుణ్యానికీ మధ్య భేదం పాటించని జాతీయమిది. ఒక పనిని వేలసార్లు చేసిన చేయి ఆ పని దారిలో తనంతట తానే తిరుగుతుంది. మనసు వేరొకచోట ఉన్నా చేతికి పని తెలుసు. అటువంటి చేయి ఒకనాటి ఉదయం హఠాత్తుగా తిరగడం మానివేస్తే ఆ మనిషి పోగొట్టుకొన్నది ఒక అవయవాన్ని మాత్రమే కాదు, ఏళ్ల తరబడి ఆ అవయవంలో దాచుకొన్న విద్యను కూడా.

గోదావరి డెల్టాలోని ఆత్రేయపురం పూతరేకులకు ప్రసిద్ధి. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. రేకు తీసే విధానం చూడడానికి తేలికగా ఉంటుంది. పొయ్యి మీద బోర్లించిన కుండ, ప్రక్కన పలుచని బియ్యపు పిండి నీళ్లు, చేతిలో ఒక పలుచని గుడ్డ. గుడ్డను ఆ నీళ్లలో ముంచి, రెండు చేతులతో చాచి పట్టుకొని, కాలిన కుండ మీదుగా ఒక్క లాగు లాగుతారు. క్షణంలో కాగితం కన్న పలుచని రేకు ఏర్పడుతుంది. లాగడంలో వేగం తగ్గితే రేకు మందమవుతుంది, వణికితే చిరుగుతుంది. ఈ పనిలో ముప్పై ఏళ్లు గడిపిన ఒక గృహిణిని ఊహించుకోవచ్చు. తెల్లవారి లేచి ముఖం కడుగుకోబోతే కుడిచేయి చెంబును అందుకోలేదు. మూతి ఒక ప్రక్కకు లాగింది. పిలుద్దామంటే మాట ముద్దగా వచ్చింది. ఆమెకు పేరు పెట్టవలసిన పని లేదు. డెల్టాలో ఏ ఊరికి వెళ్లినా అటువంటి తల్లి ఒకరు కనిపిస్తారు.

ఈ మాట అతిశయోక్తి కాదు. ఉభయ గోదావరి జిల్లాలకు చెందిన 45 గ్రామాలలో, సుమారు 1,80,000 మంది జనాభాలో, 2004 అక్టోబరుతో ముగిసిన పన్నెండు నెలల కాలంలో సంభవించిన మరణాలను పరిశోధకులు ఇంటింటికీ తిరిగి నమోదు చేశారు. మొత్తం 1,354 మరణాలు. పల్లెలలో ప్రాణాలు తీసేవి అంటురోగాలేనని అంతవరకు అనుకొనేవారు. లెక్క తేలేసరికి నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వలననే అని తెలిసింది. అందులో గుండెపోటుకూ పక్షవాతానికీ దాదాపు సమానమైన వాటా. అంటురోగాల వలన మరణించినవారు నూటికి 12 మంది మాత్రమే. పాడిపంటలతో తులతూగే సీమలో పక్షవాతం ఇంతగా పాతుకొనడానికి ప్రధాన కారణం రక్తపోటు. దానికి ఉప్పు, చుట్ట, మధుమేహం తోడు. గోదావరి లంకలలో పండిన పొగాకుతో చుట్టిన చుట్టకు ఉన్న ఖ్యాతి అందరూ ఎరిగినదే. ఆ ఖ్యాతికి చెల్లించిన మూల్యం ఇటువంటి లెక్కలలో బయటపడుతుంది.

ఇక మాట సంగతి. ‘పక్షం’ అంటే రెక్క, ప్రక్క, సగభాగం. వాతం ప్రకోపించి శరీరంలో సగభాగాన్ని చంపివేస్తుందని ప్రాచీన వైద్యులు భావించారు. చరకుడు దీనిని ‘పక్షవధ’ అన్నాడు, సుశ్రుతుడు ‘పక్షాఘాతం’ అన్నాడు. ఆఘాతం అంటే దెబ్బ. ఇంగ్లీషువారి ‘స్ట్రోక్’ అన్న మాటకు కూడా దెబ్బ అనే అర్థం. ఎక్కడి నుండో కనపడని దెబ్బ తగిలినట్లు మనిషి కూలిపోవడాన్ని చూసి, ఒకరితో ఒకరికి పరిచయం లేని రెండు సంస్కృతులు ఒకే మాటను ఎన్నుకొన్నాయి. అయితే దెబ్బ తగిలేది చేతికి కాదు, మెదడుకు. ఈ పాఠంలో తరువాత రాబోయే విషయమంతా ఈ ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంది.

మెదడు శరీరపు బరువులో నూటికి రెండు వంతులే అయినా, శరీరం వాడుకొనే ప్రాణవాయువులో సుమారు ఐదో వంతు దానికే కావాలి. ఒక రక్తనాళం గడ్డకట్టిన నెత్తురుతో మూసుకుపోయినా, చిట్లినా, ఆ నాళం పోషించే భాగం నిమిషాలలో నశించడం మొదలవుతుంది. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక అంచనా వెలువడింది. మెదడు ఎడమ అర్ధభాగం శరీరపు కుడి ప్రక్కను, కుడి అర్ధభాగం ఎడమ ప్రక్కను నడిపిస్తాయి. మెదడు నుండి దిగివచ్చే నాడీతంతువులు వెన్నుపాములో ప్రవేశించే ముందు చాలావరకు అటువి ఇటు, ఇటువి అటు దాటుకోవడమే దీనికి కారణం. ఎక్కువమందిలో మాటను నడిపించేది కూడా ఎడమ భాగమే. అందుచేతనే కుడిచేయి పడిపోయినవారికి మాట కూడా తడబడుతుంది.

మెదడు పైపొరలో శరీర భాగాలు ఎక్కడెక్కడ గుర్తింపబడి ఉన్నాయో కెనడాకు చెందిన శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ 1930లలో పటం గీశాడు. ఆ పటంలో మొండెమంతటికీ దక్కిన చోటు స్వల్పం. అరచేతికి, వ్రేళ్లకు, ముఖ్యంగా బొటనవ్రేలికి దక్కిన చోటు విశాలం. రేకు తీయడానికి, నరసాపురం స్త్రీల వలె సన్నని దారంతో లేసు అల్లడానికి, అక్షరం దిద్దడానికి అంతటి స్థలం కావాలి మరి. ఆ చోటికి, ముఖానికి సంబంధించిన చోటికి రక్తం తెచ్చే నాళం చాలావరకు ఒక్కటే. పక్షవాతంలో తరచుగా మూసుకుపోయేది కూడా ఆ నాళమే. కనుకనే రోగి కొన్ని వారాలకు కర్ర ఊతతో నడవగలిగినా, చేయి మాత్రం ప్రక్కన వ్రేలాడుతూ ఉండిపోతుంది.

తొలి గంటల మాట త్వరగా చెప్పుకోవచ్చు. గడ్డను కరిగించే మందుకు అమెరికా 1996లో అనుమతి ఇచ్చింది. మొదట మూడు గంటలుగా ఉన్న గడువు, 2008లో వెలువడిన పరిశోధన తరువాత నాలుగున్నర గంటలకు పెరిగింది. పెద్ద నాళంలోని గడ్డను సన్నని గొట్టం ద్వారా బయటికి లాగే చికిత్స 2015 నుండి స్థిరపడింది. అయితే మందు ఇవ్వడానికి ముందు సి.టి. స్కాన్ తీసి, నాళం మూసుకుపోయిందా లేక చిట్లిందా తేల్చుకోవాలి. చిట్లినవారికి ఆ మందు ఇస్తే ప్రాణాంతకం. ఆంధ్రప్రదేశ్‌లో 108 వాహనాలు 2005 ఆగస్టు 15న ప్రారంభమయ్యాయి. లంక గ్రామం నుండి పడవ దాటి, గట్టెక్కి, స్కాన్ ఉన్న పట్టణం చేరేసరికి గడిచే సమయమే రోగి భాగ్యాన్ని నిర్ణయిస్తుంది. ఈ గంటలలోనే పావురం రక్తం పూయాలని, పసరు పోయాలని సలహాలు చెప్పేవారు చేరుతారు. పావురపు నెత్తురు చర్మం మీద ఆరిపోతుందే తప్ప మెదడు నాళంలోని గడ్డను తాకదు. దానికోసం వెచ్చించిన పూట తిరిగి రాదు.

ప్రాణగండం గడిచి, రోగి ఇల్లు చేరిన తరువాత అసలు కథ మొదలవుతుంది. తొలి రోజులలో చేయి తడిగుడ్డ వలె మెత్తగా పడి ఉంటుంది. భుజాన్ని పట్టి ఉంచే కండరాలలో పట్టు ఉండదు కనుక, చేతి బరువుకే కీలు క్రిందికి జారుతుంది. మంచం మీది నుండి లేపేటప్పుడు ఆ చేతిని పట్టి లాగడం మన ఇళ్లలో అందరూ చేసే పొరపాటు. లేపవలసింది నడుము, వీపు ఆనించి. చేతిని లాగితే భుజం దెబ్బతిని నొప్పి స్థిరపడుతుంది. నొప్పి ఉన్న చేతిని రోగి కదపడు. కదపని చేయి కోలుకోదు. ఇంత చిన్న విషయం వలన పోగొట్టుకొన్న చేతులు ఎన్నో ఉంటాయి.

కొన్ని వారాలకు మెత్తదనం పోయి బిగువు వస్తుంది. మోచేయి ముడుచుకొంటుంది, పిడికిలి మూసుకుంటుంది. ఇది చూసి ఇంటివారు భయపడతారు. కాని బిగువు కొంతవరకు కోలుకొనే క్రమంలో వచ్చే మజిలీయే. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన ఫిజియోథెరపిస్టు సిగ్నే బ్రున్‌స్ట్రోమ్ ఈ మజిలీలను వరుసగా గుర్తించింది. మొదట ఏ కదలికా ఉండదు. తరువాత చేయి ఎత్తబోతే భుజం, మోచేయి, మణికట్టు, వ్రేళ్లు అన్నీ గుంపుగా కదులుతాయి. ఆ గుంపు విడిపోయి, ఒక్కొక్క కీలు విడిగా కదలడం ఆ తరువాతి మెట్టు. అన్నిటికన్న ఆలస్యంగా వచ్చేది వ్రేళ్లను విడివిడిగా తెరవడం. పట్టుకోవడం ముందు వస్తుంది, వదలడం తరువాత వస్తుంది. తెరుచుకొనే వ్రేలి విలువ ఎంతటిదో నెదర్లాండ్స్‌లో జరిగి, 2010లో వెలువడిన పరిశోధన తెలియజేసింది. జబ్బు వచ్చిన రెండవ రోజుకే వ్రేళ్లను కొద్దిగానైనా చాచగలిగి, భుజాన్ని ప్రక్కకు ఎత్తగలిగినవారిలో నూటికి 98 మందికి ఆరు నెలలకు చేతి వాడకం కొంతైనా వచ్చింది. ఆ రెండూ చేయలేనివారిలో అది నూటికి 25 మందికే దక్కింది. ఈ రెండవ సంఖ్యను నిరాశగా చదవనక్కరలేదు. వైద్యుడు చేతులెత్తేసిన నలుగురిలో ఒకరు తప్పు అని చూపినట్లే కదా.

కోలుకోవడం అంటే నశించిన కణాలు బ్రతకడం కాదు. అవి బ్రతకవు. చుట్టుపక్కల మిగిలిన కణాలు వాటి పనిని నేర్చుకొంటాయి. 1996లో రాండాల్ నూడో అనే శాస్త్రజ్ఞుడు కోతుల మెదడులో చేతికి సంబంధించిన చోట కొంత భాగం దెబ్బతిన్న తరువాత, గుంటలలోని మేతను తీసుకొనే పనిని వాటిచేత మరల మరల చేయించాడు. సాధన చేసిన కోతుల మెదడు పటంలో చేతి చోటు నిలిచింది, కొన్నింటిలో పొరుగు స్థలంలోకి కూడా వ్యాపించింది. సాధన లేకపోతే మిగిలిన చోటు కూడా కుంచించుకుపోతుందని అంతకుముందే తెలిసింది. పొలం గట్టు తెగినప్పుడు ప్రక్క బోదెల గుండా నీరు మళ్లించడం డెల్టా రైతుకు తెలిసిన విద్యే. నీరు పారకపోతే ఆ బోదె పూడిపోతుందనీ అతనికి తెలుసు.

పూడిపోవడం ఎలా జరుగుతుందో ఎడ్వర్డ్ టౌబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వివరించాడు. చేయి పడిపోయిన తొలి వారాలలో రోగి దానిని వాడబోతాడు, విఫలమవుతాడు. మంచి చేతితో పని జరిగిపోతుంది. ప్రతి వైఫల్యం ‘ఈ చేయి పనికిరాదు’ అని మెదడుకు నేర్పుతుంది. తరువాత మెదడులో వాపు తగ్గి, చేతికి కొంత శక్తి వచ్చినా, రోగి దానిని వాడడు. వాడకపోవడాన్ని అతడు నేర్చుకొన్నాడు. టౌబ్ దీనికి విరుగుడుగా మంచి చేతికి సంచి తొడిగి కట్టివేయించాడు. రెండు వారాలపాటు మేలుకొన్న సమయంలో చాలాభాగం మంచి చేయి కట్టులోనే ఉండాలి. పడిపోయిన చేతితోనే రోజుకు గంటల తరబడి సాధన చేయాలి. అమెరికాలో 222 మంది మీద ఈ పద్ధతిని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. మామూలు వైద్యం పొందినవారి కన్న వీరి చేయి మెరుగుపడింది, ఆ మెరుగు ఏడాది వరకు నిలిచింది. అయితే మణికట్టును, వ్రేళ్లను కొంతైనా వెనుకకు ఎత్తగలవారికే ఈ పద్ధతి వర్తిస్తుందన్న షరతును మరువరాదు.

మన ఇళ్లలో ఈ నేర్చుకొన్న అచేతనానికి ఊతమిచ్చేది నిర్లక్ష్యం కాదు, ప్రేమ. ‘‘అత్తయ్యగారూ, మీరు కూర్చోండి, నేను చూసుకుంటాను’’ అంటుంది కోడలు. ‘‘అమ్మా, నువ్వు కదలకు’’ అంటాడు కొడుకు. తలకు నూనె ఒకరు రాస్తారు, జాకెట్టు గుండీలు ఒకరు పెడతారు, అన్నం కలిపి ముద్దలు ఒకరు పెడతారు. ముప్పై ఏళ్లు ఇల్లు నడిపిన చేతికి చేయడానికి ఏమీ మిగలదు. కుడిచేయి పడిపోయినవారికి ఇంకొక దుఃఖం ఉంది. మన ఆచారంలో ఎడమచేతితో తినడం, ఎడమచేతితో తీర్థం పుచ్చుకోవడం అమర్యాద. పెళ్లి బంతిలో అందరి నడుమ ఎడమచేతితో ముద్ద ఎత్తడం కన్న పెళ్లికి వెళ్లకపోవడమే మేలనుకొనేవారు ఉన్నారు. ఇటువంటి రోగికి చేయి తిరిగి రావడమంటే నలుగురిలో కూర్చోగలగడం. వైద్యుని కాగితం మీద ఈ దుఃఖానికి గడి ఉండదు. ఒక విధంగా చూస్తే ఆచారమే ఇక్కడ మందు కూడా కాగలదు. ముద్ద కుడిచేతితోనే తినాలన్న పట్టుదల పడిపోయిన చేతికి పూటపూటకూ సాధన కల్పిస్తుంది. మొదట అన్నం సగం క్రింద పడుతుంది. పడనివ్వడానికి ఇంటివారికి ఓర్పు కావాలి.

ఆ ఓర్పుకు ఒక ఉదాహరణ వైద్య చరిత్రలో ఉంది. పెడ్రో బాక్-ఇ-రీటా కటలాన్ భాషలో కవి, పండితుడు. న్యూయార్క్‌లోని సిటీ కాలేజీలో అధ్యాపకుడు. 1959లో, 65వ ఏట, ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, శరీరం ఒక ప్రక్క పడిపోయింది. నాలుగు వారాల వ్యాయామ చికిత్స వలన ప్రయోజనం కనిపించలేదు. కుమారుడు జార్జి అప్పటికి మెక్సికోలో వైద్య విద్యార్థి. పునరావాస వైద్యం అతనికి తెలియదు, తెలియకపోవడమే మేలు చేసింది. పసిబిడ్డ మొదట పాకుతుంది కదా, నాన్న కూడా అక్కడి నుండే మొదలుపెట్టాలి అనుకొన్నాడు. పడిపోయిన భుజాన్ని గోడకు ఆనించి పాకించాడు. నేల మీద గోళీలు దొర్లించి అందుకోమన్నాడు. గిన్నెలు తోమించాడు. మంచి చేతితో గిన్నె పట్టుకొని, పడిపోయిన చేతిని పదిహేను నిమిషాలు ఒక వైపు, పదిహేను నిమిషాలు మరొక వైపు గుండ్రంగా త్రిప్పమన్నాడు. పండితుడైన వృద్ధుని చేత ఇంటి బయట పాకిస్తున్నారని ఇరుగుపొరుగువారు నొచ్చుకొన్నారు. కొడుకు లెక్క చేయలేదు. సుమారు ఏడాదికి ఆ అధ్యాపకుడు తిరిగి తరగతి గదిలో నిలబడ్డాడు. కొన్నేళ్ల తరువాత కొలంబియా కొండలలో విహరిస్తుండగా గుండెపోటుతో ఆయన మరణించాడు. శవపరీక్షలో ఆయన మెదడును చూసినవారు నివ్వెరపోయారు. పైపొర నుండి వెన్నుపాముకు వెళ్లే నాడీతంతువులలో నూటికి 97 వంతులు నశించే ఉన్నాయి. మిగిలిన మూడు వంతులతోనే ఆయన పాఠాలు చెప్పాడు, కొండలెక్కాడు. మరొక కుమారుడు పాల్ ఆ చిత్రాలను చూసి తన వైద్యవృత్తిని పునరావాస వైద్యం వైపు మళ్లించాడు, మెదడు మార్పు చెందగలదని వాదించినవారిలో అగ్రగణ్యుడయ్యాడు. ఒక్క మనిషి కథను అందరికీ అన్వయించడం శాస్త్రం కాదు. కాని ఆ కథను విన్న తరువాత గిన్నెలు తోమే పనిని చిన్నచూపు చూడలేం.

ఎంత సాధన చాలు అన్నది ఇప్పటికీ తెగని చర్చ. 2009లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, చికిత్సాలయాలలో ఒక విడత వ్యాయామంలో రోగి చేతిచేత చేయించిన ప్రయోజనకరమైన కదలికలు సగటున 32. ప్రయోగశాలలో కోతులు, ఎలుకలు రోజుకు వందల కదలికలు చేసిన తరువాతనే వాటి మెదడు మారింది. ముప్పై రెండుకూ వందలకూ మధ్య ఉన్న దూరాన్ని ఇంటి దగ్గరే పూరించుకోవాలి. అద్దం కూడా ఇందుకు కొంత తోడ్పడుతుంది. మంచి చేతి ప్రతిబింబం పడిపోయిన చేయి ఉన్న చోట కనిపించేటట్లు నడుమ అద్దం నిలిపి, మంచి చేతిని కదుపుతూ ప్రతిబింబాన్ని చూడడం ఈ పద్ధతి. చెన్నైలో వైద్యం చదివి అమెరికాలో స్థిరపడిన వి.ఎస్. రామచంద్రన్ చేయి కోల్పోయినవారి బాధను తగ్గించడానికి అద్దాన్ని ఉపయోగించాడు. ఆయన, సహచరులు 1999లో తొమ్మిది మంది పక్షవాత రోగుల మీద దీనిని పరీక్షించారు. అద్దానికి అయ్యే ఖర్చు ఎంత? సంతలో దొరికే అద్దం చాలు. మెడలోని వేగస్ అనే నాడిని విద్యుత్తుతో ప్రేరేపిస్తూ చేతికి సాధన చేయించే పరికరానికి 2021లో అమెరికా అనుమతి లభించింది. అది మన పల్లెకు చేరడానికి కాలం పడుతుంది.

ఉత్సాహానికి కళ్లెం వేసే పరిశోధనలను కూడా విద్యార్థి తెలుసుకోవాలి. ఎంత త్వరగా, ఎంత ఎక్కువగా కదిలిస్తే అంత మేలని భావించి, తొలి 24 గంటలలోనే రోగులను మంచం దించి తిప్పి చూశారు. 2015లో వెలువడిన ఫలితం దీనికి వ్యతిరేకంగా వచ్చింది. అంత తొందరపాటు కీడే చేసింది. మన దేశంలో ఫిజియోథెరపిస్టులు తక్కువ కనుక కుటుంబ సభ్యులకే శిక్షణ ఇచ్చి ఇంటి దగ్గర సాధన చేయిస్తే ఎలా ఉంటుందని 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులతో పెద్ద పరీక్ష జరిగింది. 2017లో ఫలితం ప్రకటించారు. ఆరు నెలలకు మరణించినవారు, పరాధీనులుగా మిగిలినవారు కలిసి రెండు వర్గాలలోనూ నూటికి 47 మంది. అంటే తేడా లేదు. ప్రేమకు తోడు కొద్దిరోజుల శిక్షణ చేర్చినంత మాత్రాన చాలదని ఈ ఫలితం చెబుతున్నది. నిపుణుని స్థానాన్ని కోడలి భుజాల మీద పెట్టి ప్రభుత్వాలు చేతులు దులుపుకొనడానికి అది అవకాశం ఇవ్వదు. కాకినాడలో 1958లో ఏర్పడిన రంగరాయ వైద్య కళాశాల వంటి సంస్థలు డెల్టాకు వైద్యులను ఇచ్చాయి. మండల కేంద్రంలో చేతిని నడిపించడం నేర్పే మనిషి కూడా ఉంటే తప్ప పల్లెటూరి రోగికి ఆ విద్య అందదు.

ఆత్రేయపురపు గృహిణి వద్దకు తిరిగి వద్దాం. ఆరవ నెలలో ఆమె మోచేయి చాపగలిగింది, బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ గుడ్డ అంచు నిలిచింది. కుండను బోర్లించారు, కాని పొయ్యి వెలిగించలేదు. పక్షవాతం వచ్చిన చేతికి స్పర్శ మందగిస్తుంది. కాలినా తెలియదు కనుక చల్లని కుండ మీదనే సాధన చేయాలి. పిండికి బదులు పళ్లెంలో మంచినీళ్లు. గుడ్డను ముంచి ఆమె లాగింది. ఎడమచేయి ముందుకు పోయింది, కుడిచేయి వెనుకబడింది, గుడ్డ ముడతపడి కుండ ప్రక్కకు జారింది. కోడలు చేయి చాచబోయి ఆగింది. ఆమె గుడ్డను మరల నీళ్లలో ముంచింది. ప్రొద్దుట యాభై సార్లు, సాయంత్రం యాభై సార్లు. ప్రక్కన కూర్చున్న మనుమరాలు పలక మీద గీతలు గీస్తూ లెక్కపెడుతున్నది. ముప్పై నాలుగవ లాగుకు గుడ్డ కుండ మీద ఒక్క ముడత లేకుండా పరచుకొంది. ముప్పై ఐదవది మరల జారింది. పిల్ల రెండింటికీ గీతలు గీసింది.